ఉక్కు కాకాని

విజయవాడ బెంజ్ సర్కిల్‌లో విగ్రహమై నిలిచిన కాకాని వెంకటరత్నము కృష్ణాజిల్లా ఆకునూరులో 1900లో జన్మించిన రైతుబిడ్డ. గాంధీజీ పిలుపు విని స్వాతంత్ర్యోద్యమమున దూకిరి. పిమ్మట మంత్రిపదవి నిర్వహించిరి. అయినను ఆయన పేరు నిలిచినది జీవితపు కడపటి మూడు మాసములవలననే.

నిజాము కాలమునాటి 1919 ముల్కీ నిబంధనల ప్రకారము 15 ఏండ్లు అక్కడ నివసించిననేగాని సర్కారు కొలువు లేదు. 1956లో హైదరాబాదు ఆంధ్రులందరికిని రాజధాని యయ్యెను. 1972 అక్టోబరు 3న సుప్రీంకోర్టు ఆ నిబంధనలు చెల్లునని తీర్పు చెప్పగా, తమ రాజధానిలో తామే పరాయివార మైతిమని కోస్తావారు వాపోయిరి. చదువున ముందున్న కొత్తవారు వచ్చి తమ బిడ్డల కూడు లాగుకొనుచున్నారని తెలంగాణమువారు 1952లోనే మొరపెట్టియుండిరి. ఆ మొరయు అసత్యము కాదు. ఓరుగల్లులో బడిపంతుళ్ల ఉద్యోగముల తగవే నాటి నిప్పురవ్వ!

72 ఏండ్ల వయస్సున కాకాని జై ఆంధ్ర పతాకము చేబట్టి, కలిసి బ్రతుకలేనిచో విడిపోవుటయే మేలని ఊరూర తిరిగిరి. ఉద్యమము రగులుచుండగనే డిసెంబరు 25న ఆయన గుండె ఆగెను.

మరుసటి యేటనే ముల్కీ నిబంధనలు రద్దయ్యెను. రాష్ట్రము మాత్రము 2014లో విడిపోయెను. అదియు తెలంగాణమువారి కోరికపైననే.