ఇసుకను నమ్ముకున్న అబ్రహాం డార్బీ

వార్షికోత్సవ సంచికకు మహనీయుల జీవితాలు రాయమన్నారు. అంబేద్కర్ గారి గురించి, ఫూలే గారి గురించి తోటి మిత్రులు రాస్తూనే ఉన్నారు. మేము ఐ.టి.ఐ.లో ఫౌండ్రీ పని నేర్చుకున్నవాళ్ళం కాబట్టి మా వృత్తికి పెద్దదిక్కు వంటి అబ్రహాం డార్బీ గురించి రాస్తున్నాము.

డార్బీ 1678లో ఇంగ్లాండులోని డడ్లీ దగ్గర జన్మించాడు. తండ్రి వ్యవసాయం చేస్తూ తాళాలు తయారుచేసేవాడు. వీరు క్వేకర్ శాఖకు చెందినవారు. ఆ శాఖవారికి ఆనాడు విశ్వవిద్యాలయ పట్టాలు, ప్రభుత్వ పదవులు అందేవి కావు. డార్బీ బర్మింగ్‌హాంలో మాల్టు మిల్లులు చేసే యజమాని వద్ద పని నేర్చుకొని, తరువాత బ్రిస్టల్‌లో ఇత్తడి పరిశ్రమలో భాగస్వామి అయ్యాడు.

ఇత్తడి పాత్రలు పేదలు కొనగలిగేవి కావు. ఇనుము చవక. కానీ ఇనుప కుండకు మట్టి అచ్చు చేసి, ఆరబెట్టి, పోత పోశాక పగలగొట్టాలి. కుండకొక అచ్చు! ఇసుకలోనే పోయాలని డార్బీ పట్టుబట్టాడు. ఇది చెప్పినంత సులువు కాదని మాకు తెలుసు. తేమ ఎక్కువైతే ఆవిరి పుట్టి పోతలో బొక్కలు పడతాయి. తక్కువైతే అచ్చు అంచులు రాలిపోతాయి. మరీ గట్టిగా దట్టిస్తే గాలి బయటకు పోదు.

మొదట పోసినవన్నీ చెడిపోయాయి. అప్పుడు తోడైనవాడు జాన్ థామస్ అనే వేల్స్ కుర్రవాడు. చిన్నప్పుడు గొర్రెలు కాశాడట. ఇద్దరూ తాళం రంధ్రం కూడా మూసి, రహస్యంగా పనిచేసి సాధించారని చెబుతారు. 1707లో వచ్చిన పేటెంటు మాత్రం డార్బీ ఒక్కడి పేరు మీదే ఉంది. ఇది మాకు నచ్చలేదు. అయినా థామస్ ఆయనను వదిలి పోలేదు.

డార్బీ కోల్‌బ్రూక్‌డేల్ చేరి, 1709లో కట్టెబొగ్గు బదులు కోక్‌తో ఇనుము కరిగించాడు. ఆ ఇనుము పలుచని కుండలకు బాగా కుదిరింది. 1717లో, పిల్లలు చిన్నవాళ్ళుగా ఉండగానే మరణించాడు. 1779లో సెవెర్న్ నదిపై ఇనుప వంతెన పోతపోసింది ఆయన మనవడే.

ఆయన కాలంలో ఇసుకను కొలిచే పరికరాలు లేవు. ఇప్పుడు పూటకు కొన్నిసార్లు నమూనా తీసి తేమ, బలం, గాలి పోయే గుణం పరీక్షించి చార్టు మీద చుక్కలు పెడతారు. చుక్కలు ఒకే వైపు జరుగుతుంటే, పోత చెడకముందే నీళ్ళో బెంటొనైటో సరిచేస్తారు. మాకు పని నేర్పిన మేస్త్రీ మాత్రం చార్టు చూశాక కూడా గుప్పెడు ఇసుక తీసుకొని పిండి చూసేవాడు.