సరిహద్దు కావలివాడు – జనరల్ గ్వెమెస్

పెద్ద యుద్ధములు గెలిచినవారి పేర్లు లోకమంతటికి తెలియును. వారు గెలుచువరకు వెనుక ద్వారమును కాచినవారి పేర్లు అంతగా తెలియవు. అట్టివారిలో ఒకడైన మార్టిన్ మిగెల్ దె గ్వెమెస్ జీవితమును ఈ నెల మా చదువరుల యెదుట ఉంచుచున్నాము.

దక్షిణ అమెరికాలోని అర్జెంటీనా దేశమునకు ఉత్తర భాగమున, కొండల నడుమ సాల్తా అను పట్టణమున్నది. 1785 ఫిబ్రవరి 8వ తేదీన గ్వెమెస్ అక్కడ జన్మించెను. అప్పుడు ఆ దేశము స్పెయిను రాజు ఏలుబడిలో నుండెను. ఆయన తండ్రి రాజుగారి ఖజానా అధికారి, కలిగిన కుటుంబము. పదునాలుగేండ్ల ప్రాయముననే గ్వెమెస్ సైన్యములో చేరెను.

1810లో స్వాతంత్ర్య పోరాటము మొదలాయెను. ఆయన దేశము పక్షమున నిలిచెను. 1813 చివర దేశ సైన్యము ఉత్తరపు కొండలలో రెండుమారులు ఘోరముగా ఓడిపోయెను. మరుసటి సంవత్సరము సేనాధిపతిగా వచ్చిన శాన్ మార్టిన్ వేరొక మార్గము తలపోసెను. ఆండీస్ పర్వతములు దాటి చిలీకి, అచ్చటనుండి సముద్రముమీద పెరూకు పోవలెనని ఆయన యోచన. అంతవరకు ఉత్తర ద్వారము శత్రువునకు తెరువబడరాదు. ఆ కావలి గ్వెమెస్‌కు అప్పగింపబడెను.

అయితే ఆయనకు జీతములిచ్చి పోషించు సైన్యము లేదు. గౌచోలనబడు బీద పశువుల కాపరులు, కౌలు రైతులు మాత్రమే ఉండిరి. వారి ఆయుధములు ఈటెలు, కత్తులు, పశువులను పట్టు పగ్గపు ఉచ్చులు. ముండ్లపొదలలో స్వారిచేయుటకు జీనుకు ఇరుప్రక్కల పచ్చితోలు పలకలు కట్టుకొనుచుండిరి. గ్వెమెస్ మాట ముక్కులోనుండి వచ్చుచుండెను. క్రొత్తవారికి దానిని వినుట కష్టము. అయినను ఆయన మాటలాడినప్పుడు గౌచోలు ప్రాణమిచ్చుటకైనను వెనుదీయకుండిరి.

1815 మే 6వ తేదీన సాల్తావారు ఆయనను తమ రాష్ట్రమునకు గవర్నరుగా ఎన్నుకొనిరి. 1817లో లా సెర్నా అను స్పెయిను సేనాధిపతి, ఐరోపా యుద్ధములలో ఆరితేరిన సిపాయిలతో వచ్చి ఏప్రిల్ మాసములో సాల్తాను పట్టుకొనెను. పట్టణము దొరికెను గాని తిండి దొరకలేదు. గౌచోలు పశువులను ముందే తోలుకొనిపోయి, మేతకును నీటికిని బయలుదేరిన ప్రతి గుంపుమీద పడి పొదలలో మాయమగుచుండిరి. మే నెలలోనే ఆ సైన్యము వెనుకకు మరలెను. ఆ సంవత్సరారంభముననే శాన్ మార్టిన్ ఆండీస్ పర్వతములను దాటియుండెను. 1820లో ఆయన గ్వెమెస్‌ను ఉత్తర సరిహద్దు సైన్యమునకు ప్రధాన సేనాధిపతిగా నియమించెను.

గవర్నరుగా గ్వెమెస్ ఎదుర్కొనిన చిక్కు యుద్ధముకంటె చిన్నది కాదు. పోరాడువాడు పొలము దున్నలేడు. దున్నలేనివాడు కౌలు కట్టలేడు. కావున తనతో పోరాడు కౌలుదారులు కౌలు చెల్లింపనక్కరలేదని ఆయన నిర్ణయించెను. యుద్ధ ఖర్చును భూస్వాములమీదను వర్తకులమీదను మోపెను. వారి బాధయు వట్టిది కాదు. ఉత్తర దేశమునకు కంచరగాడిదలను అమ్ముకొని సాల్తా బ్రదుకుచుండెను. ఆ వ్యాపారము యుద్ధమువలన చెడిపోయెను. కాని బీదవాడు ప్రాణమునిచ్చుచుండగా కలిగినవాడు ధనమునైన ఇయ్యవలెననుట గ్వెమెస్ తీర్పు. ఈ తీర్పును వారిలో అనేకులు క్షమింపలేదు. 1821 మే 24న ఆయన ఊరిలో లేని సమయమున పట్టణ సభవారు ఆయనను పదవినుండి తొలగించిరి. వారము తిరుగకమునుపే ఆయన వచ్చి మరల అధికారము చేపట్టెను.

జూన్ 7వ తేదీ రాత్రి శత్రువుల దండొకటి కొండదారిన రహస్యముగా పట్టణములో ప్రవేశించెను. గ్వెమెస్ తన చెల్లెలు మకాచా ఇంటనుండెను. తుపాకుల చప్పుడు విని గుఱ్ఱమెక్కి బయలుదేరగా ఆయనకు గుండు తగిలెను. ఆ గాయముతోనే స్వారిచేసి తనవారిని చేరుకొనెను. అడవిలో చెట్టు నీడను పదిదినములు బాధపడెను. స్పెయిను సేనాని ఒలాన్యేతా, లొంగిన యెడల వైద్యులను పంపెదననియు గౌరవములిచ్చెదననియు దూతలచేత కబురు పంపెనని చెప్పుదురు. గ్వెమెస్ దానిని నిరాకరించి, ఆ దూతల యెదుటనే పోరాటము విడువరాదని తన అధికారిచేత ప్రమాణము చేయించెనట. జూన్ 17న ఆయన కన్ను మూసెను. వయస్సు ముప్పదియారేండ్లు. భార్య కార్మెన్ మరుసటి సంవత్సరమే మరణించెను.

ఆయన పోయినను కావలి పోలేదు. కొలది వారములలోనే శత్రువులు సాల్తాను విడిచిపోవలసి వచ్చెను. ఆ జూలై 28ననే శాన్ మార్టిన్ లీమా పట్టణములో పెరూ స్వాతంత్ర్యమును ప్రకటించెను. ఆ వార్త వినుటకు గ్వెమెస్ లేడు.

ప్రియ చదువరులారా, అధికారము చేతికి వచ్చినప్పుడు బరువును ఎవరి భుజములమీద పెట్టుదుమో, దానినిబట్టి మనమెట్టివారమో తెలియును. గ్వెమెస్ దానిని మోయగలవారిమీద పెట్టెను. తన వంతుగా ప్రాణమిచ్చెను. ఆయన అస్థికలు సాల్తా ప్రధాన దేవాలయములోనున్నవి. నేటికిని ప్రతి జూన్ 16వ తేదీ రాత్రి గౌచోలు ఎఱ్ఱని కంబళ్లు కప్పుకొని, ఆయన విగ్రహము చెంత చలిలో తెల్లవారువరకు కావలియుందురు.