కొలిమి నుండి వైద్యశాలకు : అల్ రాజీ జీవితం

ఇనుమును బంగారంగా మార్చే పరుసవేది కథలు వినని వారు మనలో అరుదు. ఆ కథలన్నింటిలోను ఒక నియమం కనిపిస్తుంది. విద్య ఊరక లభించదు. సాధకుడు తన సుఖాన్నో, ఆరోగ్యాన్నో, ధర్మాన్నో మూల్యంగా చెల్లించవలసి ఉంటుంది. ఈ నియమం చరిత్రలో ఒక మహనీయుని జీవితంలో అక్షరాలా నిజమైనది. ఆయనే అబూబకర్ ముహమ్మద్ బిన్ జకరియ్యా అల్ రాజీ.

ఆయన క్రీ.శ. 865లో పారశీక దేశంలోని రే నగరంలో జన్మించాడు. నేటి టెహరాన్‌కు చేరువనే ఆ ప్రాచీన నగరం ఉండేది. రాజీ అనగా రే నగరవాసి అని అర్థం. తొలినాళ్లలో ఆయన మనస్సును ఆకర్షించినది రసవాదం. హీనలోహాలను బంగారంగా మార్చవచ్చునని ఆయన దృఢంగా విశ్వసించాడు. అది అసాధ్యమని వాదించిన అల్ కిందీని ఖండిస్తూ ఒక గ్రంథం కూడా రచించాడు.

నాటి రసవాదులు పలువురు తమ విద్యను సంకేతాల మాటున దాచేవారు. రాజీ త్రోవ వేరు. ఆయన రచించిన 'కితాబుల్ అస్రార్' పేరుకు రహస్యాల గ్రంథమే గాని, అందులోని బోధన తేటతెల్లమైనది. మొదట పదార్థాలు, పిదప పరికరాలు, ఆ తరువాత ప్రక్రియలు - ఇదీ ఆయన పాటించిన క్రమం. పదార్థాలను ఖనిజ, వృక్ష, జంతు సంబంధమైనవిగా విభజించాడు. నిప్పు సెగకు ఆవిరై లేచే పాదరసం, గంధకం, నవాసాగరం మొదలైనవాటిని ఒక వర్గంగాను, లోహాలను మరొక వర్గంగాను చేర్చాడు. కొలిమి, తిత్తి, మూస, బట్టీపట్టే పాత్ర - వీటి ఉపయోగాన్ని వివరించాడు. శుద్ధి చేయడం, భస్మం చేయడం, కరగించడం, గడ్డకట్టించడం వంటి పనులను వరుసగా తెలిపాడు. బంగారం సిద్ధించలేదు, సిద్ధించినది రసాయనశాస్త్రానికి పునాది వంటి ఒక పద్ధతి.

దానికి చెల్లించిన మూల్యం మాత్రం స్వల్పమైనది కాదు. కొలిమి మంటల వేడికి, ఘాటైన ఆవిరులకు ఆయన కన్నులు దెబ్బతిన్నాయనీ, ఆ నేత్రబాధయే ఆయనను వైద్యవిద్య వైపు మరలించినదనీ అల్ బీరూనీ తెలిపాడు. ఆ విధంగా రసవాది వైద్యుడైనాడు. రే నగరంలోను, తరువాత బాగ్దాదులోను వైద్యశాలలకు అధిపతియైనాడు. ఆయన చుట్టూ శిష్యులు వలయాలుగా కూర్చొనేవారు. రోగి రాగానే వెలుపలి వలయంలోని వారు ముందుగా పరిశీలించేవారు. వారికి అంతుపట్టకపోతే లోపలి వలయంలోని వారు పూనుకొనేవారు. అందరూ విఫలమైతేనే గురువు మాట్లాడేవాడు. పేదరోగుల పట్ల ఆయన అపారమైన దయ చూపేవాడనీ, వారికి ధనసహాయం చేసేవాడనీ ప్రసిద్ధి. వైద్యుడు అందుబాటులో లేని వారి కోసం ప్రత్యేకంగా ఒక గ్రంథం వ్రాశాడు. మశూచికీ, తట్టుకూ గల భేదాన్ని విశదీకరించిన ఆయన రచన వైద్యచరిత్రలో చిరస్థాయిగా నిలిచింది.

అయినను ఆయన జీవితంలో మనలను ఆలోచింపజేసే ఘట్టాలు లేకపోలేదు. పాదరసం హాని ఎంతటిదో తెలిసికొనడానికి ఒక కోతిచేత దానిని త్రాగించాడు. అది కడుపునొప్పితో మెలికలు తిరగడం చూసి వ్రాసిపెట్టాడు. మెదడువాపు లక్షణాలు పొడచూపిన రోగులలో కొందరికి నాటి చికిత్స ప్రకారం రక్తం తీయించి, ఫలితం పోల్చిచూడడానికి మరికొందరిని బుద్ధిపూర్వకంగా అట్లే వదలివేశాడు. శాస్త్రదృష్టితో ఇది గొప్ప ముందడుగు. కాని కొలిమి వద్ద మూల్యం చెల్లించినది ఆయన కన్నులు. ఇక్కడ మూల్యం చెల్లింపబడినది పరుల దేహాలతో. ఈ భేదాన్ని మనం విస్మరించరాదు. రాజీ కూడ దీనిని పూర్తిగా విస్మరించలేదు. తన జీవనవిధానాన్ని సమర్థించుకొంటూ వ్రాసిన గ్రంథంలో, అవసరం లేనిదే ఏ ప్రాణినీ బాధించరాదని బోధించాడు. తాను చేసిన పరీక్షలను దాచలేదు. దాచనందుననే వాటి మంచిచెడ్డలను నేడు మనం తూచగలుగుతున్నాం.

వృద్ధాప్యంలో ఆయన పూర్తిగా అంధుడైనాడు. రసవాదం ఋజువు చేయలేకపోయినందుకు రే పాలకుడైన మన్సూరు కొట్టించినందువలన చూపు పోయినదని ఒక కథ ప్రచారంలో ఉన్నది. రాజీ మాత్రం ఆ విధంగా చెప్పలేదు. ఎడతెగక సన్నని అక్షరాలు వ్రాయడం వలన చూపు మందగించినదనీ, చేయి పట్టు తప్పినదనీ, పరులచేత చదివించుకొని వ్రాయించుకొంటున్నాననీ తెలిపాడు. కంటికి శస్త్రచికిత్స చేస్తామని వచ్చినప్పుడు, లోకాన్ని చూచినది చాలునని నిరాకరించినట్లు చెబుతారు. 925లో ఆయన స్వస్థలంలోనే కన్నుమూశాడు.

జీవితాంతం ఆయన వ్రాసిపెట్టుకొన్న వైద్యవిషయాలను మరణానంతరం శిష్యులు కూర్చగా 'అల్ హావీ' అనే మహాగ్రంథం వెలసింది. 1279లో అది లాటిన్ భాషలోకి అనువదింపబడి ఐరోపా వైద్యులకు చేరింది. దాని అరబ్బీ మూలాన్ని 1955 నుండి సంపుటాలుగా ముద్రించిన సంస్థ మన హైదరాబాదులోని దాయిరతుల్ మారిఫ్ కావడం మనకు గర్వకారణం.

విద్యార్థులారా! మూల్యం లేని విద్య లేదు. అయితే ఆ మూల్యాన్ని ఎవరు చెల్లిస్తున్నారో ప్రతి అడుగులోను విచారించుకొనడం విద్యావంతుని ధర్మం. ప్రయోగశాలలో అడుగిడినప్పుడు, రేపు రోగి మంచం ప్రక్కన నిలిచినప్పుడు, రాజీ కన్నులను, ఆ మూగజీవిని కూడ స్మరించుకొనండి.