యల్లాప్రగడ సుబ్బారావు

పెదపాడు వరిచేలలో వేళ్ళు నేలలోని భాస్వరాన్ని గ్రహించి గింజకు చేరుస్తాయి. గింజ నుండి అది మన కండరాలకు చేరుతుంది. ఆ భాస్వరాన్ని కొలిచే మార్గం చూపిన యల్లాప్రగడ సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు.

బోస్టన్ చేరి, హార్వర్డ్‌లో ఫిస్క్‌తో కలసి పరిశోధించారు. 1925లో వారు ప్రకటించిన పద్ధతిలో భాస్వరం ఎంత అధికమైతే ద్రావణం అంత గాఢమైన నీలవర్ణం దాలుస్తుంది. ఆ కొలతతోనే కండరాలలో ఫాస్ఫోక్రియాటిన్‌ను 1927లో, ఏటీపీని 1929లో గుర్తించారు. వేళ్ళు లవణాలను లోనికి తీసుకొనడానికి శక్తినిచ్చేది ఆ ఏటీపీయే. అయినా హార్వర్డ్ ఆయనకు స్థిరమైన ఆచార్యపదవి ఇవ్వలేదు, అది అన్యాయమే.

1940లో లెడర్లీ ప్రయోగశాలకు వెళ్ళారు. అక్కడ ఆయన సారథ్యంలో వృక్షశాస్త్రజ్ఞుడు డగ్గర్ గడ్డినేల మట్టిలోని సూక్ష్మజీవి నుండి ఆరియోమైసిన్‌ను వెలికితీశారు. 1948లో ఆ ఔషధం లోకానికి వెల్లడైంది. ఆ ఆగస్టులోనే సుబ్బారావు కన్నుమూశారు.