మేకు గుచ్చుకున్న చోటే మొదలైంది!

మీరు చదివింది ఒకటి, నోటిఫికేషన్లు పడుతున్నది మరొకటి. డిగ్రీలో తీసుకున్న సబ్జెక్టుకీ, ఇంటర్వ్యూలో అడిగే పనికీ పొంతనే లేదని దిగులు పడుతున్నారా? అయితే బొమ్మలు వేసుకుంటూ బతుకుదామనుకుని, చివరికి రబ్బరు ఫ్యాక్టరీ నడపాల్సి వచ్చిన ఒక మనిషి జీవితం మీకు పనికొస్తుంది. ఆయన పేరు ఎడ్వార్డ్ మిషెలిన్. గాలి టైరును కనిపెట్టింది ఆయన కాదు. కానీ పంక్చర్ పడిన టైరును దారిలోనే విప్పి, బాగుచేసుకుని, మళ్లీ బయల్దేరొచ్చని లోకానికి నిరూపించింది ఆయనే.

ఆయన కథతో పాటు కారు టైరు గురించి తప్పక తెలియాల్సిన సంగతులూ చూద్దాం. కారు మీ సొంతం కాకపోవచ్చు. నాన్నది కావచ్చు, స్నేహితుడిది కావచ్చు, రేపు ఉద్యోగంలో చేరాక ఆఫీసుదీ కావచ్చు. పంక్చర్ మాత్రం ఎవరి కారు అని అడిగి పడదు కదా!

బొమ్మల నుంచి రబ్బరుకు..

ఎడ్వార్డ్ 1859 జూన్ 23న పారిస్‌లో పుట్టారు. ముందు లా చదివారు. మనసు బొమ్మల మీదే ఉండటంతో పారిస్‌లోని లలితకళల విద్యాలయంలో చేరి, అప్పట్లో గొప్ప పేరున్న చిత్రకారుడు విలియం బుగెరో దగ్గర శిక్షణ పొందారు. ఆరేళ్లు పెద్దవాడైన అన్న ఆండ్రే ఇంజినీరు.

ఫ్రాన్స్ నడిబొడ్డున ఉన్న క్లెర్మాంట్-ఫెరాండ్‌లో వాళ్ల తాత తన బంధువుతో కలిసి పెట్టిన ఫ్యాక్టరీ ఉండేది. వ్యవసాయ యంత్రాలు, రబ్బరు వస్తువులు తయారుచేసేవాళ్లు. 1880ల నాటికి అది మూతపడే స్థితికి వచ్చింది. ముందు ఆండ్రే చెయ్యి వేశారు గానీ ఆయనకు పారిస్‌లో సొంత వ్యాపారం ఉంది. దాంతో 1889లో తమ్ముడు ఎడ్వార్డ్ పగ్గాలు పట్టుకోవాల్సి వచ్చింది. అప్పటికి ఆయనకు 30 ఏళ్లు కూడా నిండలేదు. రబ్బరు గురించి ఏమీ తెలియదు. కుంచె పక్కన పెట్టి, పనివాళ్ల మధ్య నిలబడి నేర్చుకోవడం మొదలుపెట్టారు. అప్పట్లో వాళ్లకు కాస్త డబ్బులు తెచ్చిన సరుకు బండ్లకు, సైకిళ్లకు వాడే రబ్బరు బ్రేకు దిమ్మలే.

3 గంటల పని.. ఒక రాత్రి ఎదురుచూపు

దానికి ఏడాది ముందే, 1888లో, బెల్‌ఫాస్ట్‌లో పశువైద్యుడు జాన్ బాయిడ్ డన్‌లప్ సైకిల్‌కి గాలి టైరు అమర్చారు. గతుకుల దారిలో ప్రయాణం ఒక్కసారిగా మెత్తబడింది. కానీ ఓ చిక్కు ఉంది. ఆ టైరును చక్రానికి జిగురుతో అతికించేవాళ్లు. పంక్చర్ పడితే మొత్తం ఊడబెరకాల్సిందే.

అలాంటి టైర్లున్న సైకిల్‌తో 1889లో ఒకాయన మిషెలిన్ ఫ్యాక్టరీకి వచ్చాడు. రబ్బరు పని చేసేవాళ్లు కదా, బాగుచేస్తారేమోనని ఆశ. టైరు ఊడదీసి అతుకు వేసేసరికి 3 గంటలు పట్టింది. జిగురు ఆరడానికి రాత్రంతా ఆగాల్సి వచ్చింది. మర్నాడు ఎడ్వార్డే సైకిలెక్కి ఫ్యాక్టరీ ఆవరణలో తొక్కారు. కొన్ని వందల మీటర్లు వెళ్లాడో లేదో టైరు మళ్లీ చప్పబడిపోయింది.

మరొకరైతే ఈ గాలి టైర్లు మనకొద్దు బాబూ అనుకునేవాళ్లే. ఎడ్వార్డ్ రెండు విషయాలు విడదీసి చూశారు. గాలి మీద నడిచే చక్రం అద్భుతంగా ఉంది. దాన్ని బాగుచేసే పద్ధతే బాగాలేదు. కాబట్టి మార్చాల్సింది ఆ పద్ధతిని. ఒక వస్తువులో లోపం కనబడగానే వస్తువునే కొట్టిపారేయకుండా, లోపం సరిగ్గా ఎక్కడుందో వేలు పెట్టి చూపగలగడమే ఆయన మొదటి విజయం. ప్రాజెక్టు వర్క్‌లోనైనా, ఇంటర్వ్యూ బోర్డు ముందైనా మీ నుంచి కోరేది ఈ చూపునే.

15 నిమిషాల్లో మళ్లీ దారిలోకి

1891కల్లా ఎడ్వార్డ్ విప్పి బిగించుకునే టైరుకు పేటెంటు తీసుకున్నారు. లోపల ట్యూబు వేరు, పైన టైరు వేరు. జిగురు అవసరం లేదు. సుమారు 15 నిమిషాల్లో పని పూర్తి. ఆ సెప్టెంబరులోనే పారిస్ నుంచి బ్రెస్ట్ వెళ్లి తిరిగి పారిస్ చేరే సైకిల్ పందెం జరిగింది. దూరం సుమారు 1,200 కిలోమీటర్లు. మిషెలిన్ టైర్లతో తొక్కిన షార్ల్ టెరాన్ 71 గంటలకు పైగా సాగిన ఆ పందెంలో గెలిచాడు. దారిలో అతనికి పంక్చర్లు పడకపోలేదు. పడినా వెంటనే లేచి బయల్దేరగలిగాడు. అదీ తేడా.

మరుసటి ఏడాది పారిస్ నుంచి క్లెర్మాంట్-ఫెరాండ్‌కు మిషెలిన్ సోదరులే ఒక పందెం పెట్టించారు. ఆ దారిలో ఎడ్వార్డ్ మేకులు చల్లించారన్నది ఇప్పటికీ చెప్పుకునే ముచ్చట. మా టైరుకు పంక్చర్ పడదని గొప్పలు పోలేదు. పడుతుంది, అయినా భయం లేదని అందరి ముందూ చూపించారు.

ఇప్పటి కార్లలో ఎక్కువగా ట్యూబ్‌లెస్ టైర్లే. వీటికి మేకు దిగినా గాలి ఒక్కసారిగా పోదు, నెమ్మదిగా దిగుతుంది. అందుకే మేకు కనబడగానే పట్టకారుతో లాగేయకండి. దాన్ని అలాగే ఉంచి, గాలి సరిపడా ఉంటే నిదానంగా దగ్గరలోని పంక్చర్ షాపుకి వెళ్లండి. గాలి బాగా దిగిపోతే అలాగే నడపకుండా చక్రం మార్చేయండి. టైరు నేలకు ఆనే భాగంలో పడిన చిన్న రంధ్రానికి పంక్చర్ వేయించొచ్చు. పక్క గోడకు చీలిక వచ్చినా, ఉబ్బు కనిపించినా ఆ టైరు మార్చాల్సిందే. అక్కడ వేసే అతుకు నిలవదు.

కార్ల వాళ్లు కాదన్నప్పుడు..

సైకిళ్ల మీద నెగ్గారు సరే, మరి బరువైన కార్లు? అప్పటి కార్లు ఇనప పట్టీల మీద, గట్టి రబ్బరు మీద దడదడలాడుతూ నడిచేవి. గాలి టైర్లు వాడటానికి తయారీదారులు ముందుకు రాలేదు. దాంతో 1895లో పారిస్-బోర్డో-పారిస్ కార్ల పందేనికి అన్నదమ్ములే ‘ఎక్లేర్’ అనే కారును సిద్ధం చేసుకుని, స్వయంగా నడుపుకుంటూ వెళ్లారు. ఎక్లేర్ అంటే మెరుపు. పేరు మెరుపే గానీ దారి పొడవునా పంక్చర్ల మీద పంక్చర్లు. గెలవలేదు, విజేతకు చాలా వెనకబడ్డారు. అయినా దాదాపు 1,200 కిలోమీటర్లు గాలి టైర్ల మీద ఒక కారును నడిపించి వెనక్కి తెచ్చారు. తర్వాత పదేళ్లు తిరిగేసరికి కార్లకు గాలి టైర్లే మామూలైపోయాయి. పందెంలో ఓడినా, పరీక్షలో నెగ్గారన్నమాట.

కారు బరువును మోసేది నిజానికి రబ్బరు కాదు, లోపలి గాలి. గాలి తగ్గితే టైరు పక్క గోడలు తిరిగిన ప్రతిసారీ ఎక్కువగా వంగుతాయి, వేడెక్కుతాయి. ఆ వేడితోనే టైర్లు పేలుతుంటాయి. మన దగ్గర ఎండాకాలం రాగానే టైరు పేలకుండా గాలి తగ్గించి కొట్టించేవాళ్లు చాలామంది ఉన్నారు. అది సరిగ్గా తిరగబడిన జాగ్రత్త! ఏ కాలమైనా కంపెనీ చెప్పిన అంకెనే పాటించండి. ఆ అంకె డ్రైవర్ తలుపు తీస్తే కనిపించే స్టిక్కర్ మీదో, కారు మాన్యువల్‌లోనో ఉంటుంది. టైరు మీద అచ్చేసి ఉండేది గరిష్ఠ పరిమితి, అది చూసి కొట్టించకండి. నెలకోసారైనా, దూర ప్రయాణానికి ముందు తప్పకుండా, బండి ఇంకా వేడెక్కకముందే గాలి చూపించండి.

మేకులు తాగే బొమ్మ

ఇంతకీ ఆయన నేర్చుకున్న బొమ్మల చదువు వృథా పోయిందా? లేదు. 1894లో లియోన్ నగరంలో జరిగిన ప్రదర్శనలో తమ స్టాల్ ముందు పేర్చిన టైర్ల దొంతర చూసి, చేతులు పెడితే అచ్చం మనిషిలా ఉంటుందని ఎడ్వార్డ్‌కి తట్టింది. ఆ ఊహే 1898లో ఓగలోప్ అనే కళాకారుడి చేతుల్లో పోస్టరైంది. టైర్లతో చేసిన లావుపాటి మనిషి, చేతిలో గ్లాసు, అందులో మేకులు, గాజుపెంకులు. దారిలోని అడ్డంకులన్నిటినీ తాగేస్తానని ఆ బొమ్మ చెప్పకనే చెప్పింది. నేటికీ ఆ కంపెనీ గుర్తు అదే. కళాశాలలో అలవడిన చూపు ఫ్యాక్టరీలో అక్కరకొచ్చింది. మీ డిగ్రీ కూడా ఎక్కడ పనికొస్తుందో ఇప్పుడే తేల్చేయకండి.

1900లో అన్నదమ్ములు వాహనదారుల కోసం చిన్న గైడ్ అచ్చువేసి 35 వేల ప్రతులు ఉచితంగా పంచారు. ఇవాళ హోటళ్లకు ఇచ్చే ‘మిషెలిన్ స్టార్లు’ ఆ పుస్తకం నుంచి పుట్టినవే. మొదట్లో మాత్రం అందులో ముఖ్యమైనవి టైరు ఎలా విప్పాలి, ఎలా బాగుచేయాలి, మెకానిక్ ఏ ఊళ్లో దొరుకుతాడు అనే వివరాలే. సరుకు అమ్మేసి చేతులు దులుపుకోకుండా, వాడేవాడికి పని నేర్పించారు.

ఆ గైడ్ ఇప్పుడు రాస్తే ఇవీ ఉండాలి. టైరు గాడుల మధ్య అడ్డంగా చిన్న రబ్బరు గట్లు ఉంటాయి. టైరు అరిగి వాటితో సమానమైతే గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు చేరినట్టు. ఇక మార్చాల్సిందే. లేదంటే వానలో బ్రేకు వేసినా బండి జారుతుంది. టైరు పక్కన 4 అంకెలు చూడండి. 2423 అని ఉంటే 2023లో 24వ వారంలో తయారైందని అర్థం. సెకండ్ హ్యాండ్ కారు కొనేటప్పుడు ఇది చూడకుండా బేరం ముగించకండి.

స్టెప్నీ అనే ఊరి వీధి

మనం అదనపు చక్రాన్ని స్టెప్నీ అంటాం. ఆ పేరు బ్రిటన్‌లోని వేల్స్ ప్రాంతంలో లానెల్లీ పట్టణంలో ఉన్న స్టెప్నీ వీధి నుంచి వచ్చింది. 1904లో అక్కడి డేవిస్ సోదరులు అదనపు చక్రాన్ని తయారుచేసి అమ్మారు. మిషెలిన్ కూడా విప్పి మార్చుకునే చక్రాల మీద పనిచేసి, 1913లో ఉక్కు చక్రాన్ని తెచ్చింది. టైరు విప్పే పని పోయి చక్రం మొత్తాన్నే మార్చే పద్ధతి స్థిరపడింది. ఇప్పుడు మీరు చేయాల్సింది కూడా అదే.

* నడుస్తుండగా టైరు పోతే గట్టిగా బ్రేకు తొక్కకండి. స్టీరింగు రెండు చేతులతో బిగించి పట్టుకోండి. యాక్సిలరేటర్ మీద కాలు మెల్లగా తీయండి. వేగం దానంతటదే తగ్గాక ఎడమ అంచుకు తెచ్చి ఆపండి.

* మలుపులో, వాలులో వద్దు. కొంచెం దూరమైనా నెమ్మదిగా సమంగా, గట్టిగా ఉన్న నేల మీదకు చేర్చండి. టైరు పాడైనా పర్వాలేదు, ప్రాణం ముఖ్యం.

* నాలుగు ఇండికేటర్లు వెలిగించండి. ఎర్ర త్రికోణాన్ని కనీసం 50 మీటర్ల వెనక పెట్టండి. కారులోని వాళ్లను దించి రోడ్డుకు దూరంగా నిలబెట్టండి.

* హ్యాండ్ బ్రేకు వేసి, మొదటి గేరులో ఉంచండి. మారుస్తున్న చక్రానికి ఎదురు మూలలో ఉన్న చక్రం కింద రాళ్లు పెట్టండి.

* చక్రం నేల మీద ఉండగానే నట్లు కొద్దిగా వదులు చేయండి. ఆ తర్వాతే, మాన్యువల్‌లో చూపిన చోట జాకీ పెట్టి లేపండి. జాకీ మీద ఉన్న కారు కిందకు తలగానీ కాలుగానీ పెట్టొద్దు.

* స్టెప్నీ ఎక్కించి నట్లు చేత్తో తిప్పండి. కారు దించాక ఒకదాని తర్వాత దాని ఎదురుది చొప్పున గట్టిగా బిగించండి. కొంత దూరం వెళ్లాక మరోసారి చూసుకోండి.

* స్టెప్నీ సైజు చిన్నదైతే దాని మీద రాసిన వేగ పరిమితి దాటకండి. అసలు టైరును వీలైనంత త్వరగా బాగుచేయించండి.

హైవేలో వాహనాలు దూసుకెళ్తుంటే, చీకటిగా ఉంటే సొంతంగా మార్చే సాహసం వద్దు. జాతీయ రహదారి మీద 1033కి ఫోన్ చేయండి. స్టెప్నీలో గాలి ఉందో లేదో ప్రయాణానికి ముందే చూసుకోవడం మాత్రం మరవొద్దు. చాలామంది ఇబ్బంది పడేది అక్కడే.

చివరి దాకా..

ఎడ్వార్డ్ చివరి ఏళ్లు కష్టంగా గడిచాయి. 1931లో అన్న ఆండ్రే పోయారు. 1932లో కొడుకు ఎటియెన్ విమాన ప్రమాదంలో, 1937లో మరో కొడుకు పియెర్ కారు ప్రమాదంలో చనిపోయారు. ప్రయాణాలు సాఫీగా సాగాలని జీవితమంతా పనిచేసిన తండ్రికి రోడ్డే ఒక కొడుకును దూరం చేసింది. 1940 ఆగస్టు 25న, 81వ ఏట, ఆయన కన్నుమూశారు.

ఆయన పోయిన ఆరేళ్లకు, 1946లో, ఆ కంపెనీ రేడియల్ టైరుకు పేటెంటు తీసుకుంది. ఇవాళ మన కార్లన్నీ దాదాపు వాటి మీదే నడుస్తున్నాయి. దాన్ని రూపొందించిన మారియస్ మిన్యోల్ పెద్ద చదువులు చదివినవాడేం కాదు. ఆ కంపెనీలో ఆయన చేరింది ప్రింటింగ్ విభాగంలో. చేరిన విభాగం దగ్గరే ఆగిపోకుండా పనితనాన్ని బట్టి మనిషిని ఎదగనిచ్చే చోటు అది.

మీ తొలి ఉద్యోగం కూడా మీరు కోరుకున్నది కాకపోవచ్చు. చేరిన మొదటి నెలలో అక్కడ అందరూ విసుక్కుంటూ చేస్తున్న పని ఏదో గమనించండి. 3 గంటలు పడుతున్న ఆ పని 15 నిమిషాల్లో ఎలా అవుతుందో ఆలోచించండి. అన్నట్టు, ఈ ఆదివారం ఖాళీగా ఉంటే ఇంట్లోని కారు దగ్గరకు వెళ్లి, పెద్దవాళ్లను పక్కన ఉంచుకుని, ఒక్కసారి చక్రం విప్పి బిగించి చూడండి. అవసరం వచ్చిన రోజు చేతులు వణకవు.