ఫొటోలు తీసి ఊరుకోలేదు.. పట్టాలిప్పించారు

భవాని పేట్‌లో ఏ పాత ఇంట్లోకెళ్లినా గోడమీద తాతదో ముత్తాతదో ఒక నలుపు తెలుపు ఫొటో కనిపిస్తుంది. తెలంగాణ పల్లెల నుంచి మగ్గం పని వెదుక్కుంటూ సోలాపూర్ చేరిన తరం అది. మామూలు రోజుల్లో ఆ ఫొటోకు దండ, అగరుబత్తి. పిల్లాడికి కులం సర్టిఫికెట్ అవసరమైన రోజు మాత్రం ఆ తాత పేరున్న కాగితం కోసం ఇల్లంతా గాలిస్తాం. ఫొటో ఉంది, కాగితం లేదు అన్నప్పుడే రెండింటికీ ఉన్న తేడా తెలిసొస్తుంది.

ఆ తేడా ఎనభై ఏళ్ల కిందటే ఒక ఆస్ట్రియా దేశస్తుడికి అర్థమైంది. ఆయనే క్రిస్టోఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్. పాత ఆదిలాబాద్ జిల్లా గోండు గూడేల్లో పరిచయం అక్కర్లేని పేరు. కొండల్లో, అడవుల్లో ఆయన తీసిన వేలాది ఫొటోలు ఇప్పుడు లండన్‌లో ఉన్నాయి. గిరిజనుల చేతికి అందిన పట్టాల కథ మాత్రం మన పొరుగునే ఉంది.

నాగా కొండల్లో చెక్క శిల్పాలు

హైమన్‌డార్ఫ్ 1909 జూన్ 22న వియన్నాలో పుట్టారు. పెద్దింటి బిడ్డ. అక్కడి విశ్వవిద్యాలయంలోనే మానవ శాస్త్రం చదివి, 1931లో డాక్టరేట్ అందుకున్నారు. 1936లో కెమెరా పట్టుకుని నాగా కొండలెక్కారు. వాక్‌చింగ్ అనే ఊళ్లో కొన్యాక్ నాగాల మధ్య నెలల తరబడి ఉండిపోయారు.

ఆ ఊళ్లలో కుర్రాళ్లందరూ కలిసి పడుకునే పెద్ద ఇల్లుంటుంది. దాన్ని మోరుంగ్ అంటారు. దాని స్తంభాల మీద, దూలాల మీద పులులు, ధనేశ పక్షులు, మనిషి తలలు చెక్కి ఉండేవి. పెద్ద మాను మొత్తాన్ని తొలిచి డోలుగా చేసేవారు. ఏ బడికీ పోని చేతుల పని అది. హైమన్‌డార్ఫ్ వాటిని ఓపిగ్గా ఫొటోలు తీసుకున్నారు. తరువాతి కాలంలో పాత మోరుంగ్‌లు చాలావరకు పోయాయి. ఆ చెక్కడం పని ఎలా ఉండేదో చూడాలంటే ఇప్పుడు ఇలాంటి ఫొటోలే దిక్కు.

యుద్ధం ఆపేసింది

1938లో ఎలిజబెత్ బర్నార్డోను పెళ్లి చేసుకున్నారు. అందరూ ఆమెను బెట్టీ అనేవారు. 1939లో దంపతులు భారతదేశానికి వచ్చారు. అంతలోనే రెండో ప్రపంచ యుద్ధం మొదలైంది. ఆస్ట్రియాను అప్పటికే జర్మనీ కలిపేసుకుంది కాబట్టి ఆయన దగ్గరున్నది శత్రుదేశపు పాస్‌పోర్టు. తెలిసినవారి సాయంతో జైలు తప్పింది గానీ నిజాం రాజ్యం దాటి పోకూడదన్నారు. సోలాపూర్ నుంచి తుల్జాపూర్ బాట పడితే అప్పట్లో నిజాం ఇలాకానే. ఆ ఇలాకాయే ఆయనకు పెద్ద జైలు. దాన్నే ఆయన బడి చేసుకున్నారు.

1940లో నల్లమల వైపు అమ్రాబాద్ గుట్టల్లో చెంచుల దగ్గరికి వెళ్లారు. ఆ తరువాత గోదావరి ఒడ్డున కొండరెడ్ల దగ్గరికి. సముద్రం వైపు పరుగెత్తే గోదావరి తూర్పు కనుమలను కోసుకుంటూ పోయే చోటు అది. రెండు పక్కలా నిటారు కొండలు, మధ్యలో లోతైన నది, వాలుమీద పోడు చేలు, వెదురు గుడిసెలు. ఫొటోలో చూస్తే స్వర్గమే. కానీ కలప కాంట్రాక్టర్ల అప్పుల్లో చిక్కి అక్కడివాళ్లు ఎంత నలిగిపోతున్నారో ఆయన కళ్లారా చూశారు, పుస్తకంలో రాశారు. ఈమధ్య పోలవరం ముంపుతో ఆ నదీతీరంలో కొండరెడ్ల ఊళ్లు కొన్ని ఖాళీ అయిపోయాయి. ఆ ఫొటోల విలువ మరింత పెరిగిందంటే అందుకే.

భీం నెత్తురు తరువాత

1940లోనే జోడేఘాట్‌లో కొమరం భీం పోలీసు కాల్పుల్లో నేలకొరిగాడు. గోండులు ఎందుకు తిరగబడ్డారన్నది సర్కారుకు అంతుబట్టలేదు. ఆ కారణం తేల్చే పని హైమన్‌డార్ఫ్‌కు అప్పగించారు. ఆయన మార్లవాయిలో గుడిసె వేసుకుని, బెట్టీతో కలిసి అక్కడే కాపురం పెట్టారు. నెమలి పింఛాల కిరీటాలతో ఆడే గుస్సాడీలను, దేవర పూజలను ఫొటోలు తీశారు.

అయితే ఫొటోతో కడుపు నిండదు. తరతరాలుగా దున్నిన నేల గోండుల పేర లేదు. అడవి శాఖ కొంత లాక్కుంది. బయటి నుంచి వచ్చిన రైతులు, షావుకార్లు కొంత రాయించుకున్నారు. వాళ్లలో తెలుగువాళ్లూ ఉన్నారు, మరాఠీవాళ్లూ ఉన్నారు. చెప్పుకోవడానికి మనకు చేదుగా ఉన్నా అది నిజం. సమస్యకు మూలం భూమేనని హైమన్‌డార్ఫ్ తేల్చి చెప్పారు. ఆ తరువాతే వేల ఎకరాలకు పట్టాలొచ్చాయి. 1943లో మార్లవాయిలో గోండు టీచర్లకు శిక్షణ మొదలైంది. గోండి వాచకాలు నాగరి లిపిలో అచ్చయ్యాయి.

ఈ పనిలో మరాఠ్వాడా మనిషి చెయ్యి కూడా ఉంది. లాతూర్ జిల్లా నిలంగాలో పుట్టిన సేతు మాధవరావు పగడి అప్పుడు గిరిజనుల కోసం నియమించిన ప్రత్యేక అధికారి. గోండి నేర్చుకుని దానికి వ్యాకరణమే రాశారు. మహారాష్ట్రలో ఆయన్ను చరిత్రకారుడిగానే ఎక్కువమంది ఎరుగుదురు.

హైమన్‌డార్ఫ్‌ను దేవుణ్ని చేయనక్కర్లేదు. భీంను కాల్చిన సర్కారు జీతమే ఆయనా తీసుకున్నారు. భీం ప్రాణం పోయాకే గోండుల మాట వినబడింది. కాకపోతే విన్నదాన్ని ఆయన దాచిపెట్టలేదు.

మళ్లీ వచ్చి చూస్తే..

ఆ తరువాత లండన్‌లో ప్రొఫెసర్ అయ్యారు. నేపాల్ షెర్పాల మీద పనిచేశారు. 1976లో రిటైరయ్యాక మళ్లీ ఆదిలాబాద్ వచ్చారు. పట్టాలిచ్చిన భూములు చాలాచోట్ల మళ్లీ చేతులు మారిపోయాయి. 1970 నాటి ఒకటో నంబరు చట్టం ఉన్నా ఆగలేదు. ఆ బాధంతా 1982లో వచ్చిన పుస్తకంలో రాశారు.

బెట్టీ 1987లో హైదరాబాద్‌లో కన్నుమూశారు. ఆమె సమాధి మార్లవాయిలో ఉంది. 1995 జూన్ 11న లండన్‌లో హైమన్‌డార్ఫ్ పోయారు. ఆయన అస్థికలు కూడా తరువాత మార్లవాయికే చేరాయి. జనవరి 11న గోండులు ఏటా అక్కడ ఇద్దరినీ తలుచుకుంటారు. ఆయన ఫొటోలు, ఫిల్ములు లండన్‌లో తాను పాఠాలు చెప్పిన సోయాస్‌లోనే భద్రంగా ఉన్నాయి. చాలావాటికి ఏ ఊళ్లో, ఎప్పుడు తీశారన్న వివరం ఉంది. కాబట్టే అవి అందమైన బొమ్మలుగా మిగిలిపోకుండా సాక్ష్యాలయ్యాయి.

మన గోడమీది ఫొటోల వెనక ఏముంది? ఈ ఆదివారం ఒక్కసారి దించి చూడండి. ఖాళీగా ఉంటే తాత పేరు, వచ్చిన ఊరు, తెలిసినంతలో సంవత్సరం రాసి పెట్టండి. చెప్పగలిగిన పెద్దవాళ్లు ఇంట్లో ఉండగానే ఆ పని కావాలి.