కోసూరి వెంకటరత్నం
కోసూరి వెంకటరత్నం (కె.వి.రత్నం) భారతదేశంలో స్వదేశీ ఫౌంటెన్ పెన్నుల తయారీకి ఆద్యులలో ఒకడు. 1932లో రాజమండ్రి (రాజమహేంద్రవరం)లో పెన్నుల తయారీ ప్రారంభించాడు. ఇవి రత్నం పెన్నులుగా ప్రసిద్ధి చెందాయి.

లోహపు అచ్చులు చెక్కడంలో నేర్పరి అయిన రత్నం 1921లో మహాత్మా గాంధీని కలిసి తన పనితనం చూపగా, గుండుసూది నుండి పెన్ను వరకు సామాన్యులకు పనికివచ్చే వస్తువేదైనా చేయమని గాంధీజీ సూచించాడని చెబుతారు. అప్పట్లో బజారులో దొరికేవి ఎక్కువగా విదేశీ పెన్నులు. తాను చేసిన పెన్నును రత్నం, 1934లో ఏర్పడిన అఖిల భారత గ్రామ పరిశ్రమల సంఘానికి చెందిన జె.సి.కుమారప్ప ద్వారా గాంధీజీకి పంపాడు. గాంధీజీ దానితో వ్రాసి చూసి, విదేశీ పెన్నులకు బదులుగా వాడదగినదేనని మెచ్చుకుంటూ 1935 జూలై 16న వార్ధా నుండి ఉత్తరం వ్రాశాడు. రత్నం తరువాత ఆయన కుటుంబీకులు ఈ పనిని కొనసాగించారు.

పెన్ను, సిరా
ఈ పెన్నులకు ఎబొనైటు గొట్టం ఉంటుంది. సిరాను డ్రాపరుతో నేరుగా అందులోనే పోస్తారు. మామూలు నీలం సిరా నీటికి చెదురుతుంది, ఎండకు వెలిసిపోతుంది. దస్తావేజుల వంటి వాటికి పూర్వం నుండి వాడిన బ్లూబ్లాక్ సిరా అలా కాదు. మన పెద్దలు కరక్కాయ, అన్నభేదితో కాచిన సిరా కూడా ఈ కోవలోనిదే. ఇందులోని టానిన్, ఇనుప లవణం గాలి సోకినపుడు నల్లబడి, నీటిలో కరగని పదార్థంగా మారి కాగితాన్ని అంటుకుంటాయి. అయితే దీనిలోని ఆమ్లం ఉక్కు పాళీని క్రమంగా తినివేస్తుంది, బంగారు పాళీని మాత్రం ఏమీ చేయలేదు. రత్నం పెన్నుల బంగారు పాళీలను కేవలం ఆడంబరంగా భావించనక్కరలేదు. దీపపు మసితో, జిగురుతో చేసిన సిరా మరింత మన్నికైనదే గానీ, ఫౌంటెన్ పెన్నులో ఎండిపోతే పాళీ క్రింది సన్నని కాలువ పూడుకుపోతుంది.